శాంతి స్థాపనలో వృత్తి ప్రమాణాలు

శాంతి స్థాపన అనగా హింసాత్మక ఘర్షణకు గల మూల కారణాలను తొలగించి, విరోధుల మధ్య సంబంధాలను పునరుద్ధరించే ప్రక్రియ. కాల్పులు ఆపించడం ఇందులో ఒక భాగం మాత్రమే. నార్వేకు చెందిన యోహాన్ గాల్టుంగ్ 1970వ దశకంలో ఈ భావనకు శాస్త్రీయ రూపం కల్పించాడు. 1992లో అప్పటి ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి బుత్రోస్ బుత్రోస్ ఘాలీ సమర్పించిన నివేదికతో ఇది ప్రభుత్వాల వాడుకలోకి వచ్చినది. ఈ పని చేయువారికి ఏ అర్హతలుండాలి, వాటిని ఎవరు నిర్ధారించాలి అనే ప్రశ్నలు దరిమిలా ప్రాముఖ్యం పొందాయి.

ప్రమాణాలు

వైద్యునికి, న్యాయవాదికి ఉన్నట్లు శాంతి కార్యకర్తకు చట్టబద్ధమైన పట్టా ఏదీ తప్పనిసరి కాదు. ఐక్యరాజ్య సమితి 2012లో వెలువరించిన మార్గదర్శకాలు మధ్యవర్తిత్వానికి సన్నద్ధత, ఉభయ పక్షాల సమ్మతి, నిష్పాక్షికత మొదలైన ఎనిమిది మౌలిక సూత్రాలను పేర్కొన్నాయి. భారతదేశంలో సుప్రీం కోర్టు 2005లో నెలకొల్పిన కమిటీ, కోర్టు వ్యాజ్యాలలో రాజీ కుదిర్చే మధ్యవర్తులకు 40 గంటల శిక్షణను ప్రవేశపెట్టినది. ఆస్తి తగాదాలకు, కుటుంబ వివాదాలకు ఇది చక్కగా సరిపోతుంది. సాయుధ ఘర్షణల సంగతి వేరు.

ఆంధ్ర ప్రదేశ్ అనుభవం

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం. ఇక్కడి నుండి తూర్పు గోదావరి వరకు వ్యాపించిన అటవీ ప్రాంతం నక్సలైటు ఉద్యమానికి, పోలీసు చర్యలకు దీర్ఘకాలం రంగస్థలమైనది. 1987 డిసెంబరులో గుర్తేడు ప్రాంతంలో పీపుల్స్ వార్ సభ్యులు కొందరు ఐ.ఏ.ఎస్. అధికారులను అపహరించి, తమ వారి విడుదల షరతుపై విడిచిపెట్టారు. ఆ బందీలలో ఒకరు ఎస్.ఆర్.శంకరన్ (1934 - 2010). వెట్టిచాకిరి నిర్మూలనకు కృషి చేసిన అధికారిగా ఆయన ప్రసిద్ధుడు. తనను బంధించిన వారితోనే చర్చలకు బాట వేసే పనిని ఆయన తరువాత చేపట్టడం విశేషం.

1997లో శంకరన్ కన్వీనరుగా పౌర స్పందన వేదిక ఏర్పడినది. న్యాయవాది కె.జి.కన్నబిరాన్, ఆచార్య జి.హరగోపాల్, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు మొదలైన వారు ఇందులో పనిచేశారు. వీరిని ఎవరూ పరీక్ష పెట్టి ఎంపిక చేయలేదు. ఎన్‌కౌంటర్లను, నక్సలైట్ల హింసను రెండింటినీ బహిరంగంగా విమర్శించడం వలన వీరి మాటకు విలువ వచ్చినది. పైన చెప్పిన సమ్మతి, నిష్పాక్షికత అనే సూత్రాలను అవి గ్రంథస్థం కాకమునుపే వీరు ఆచరించారనవచ్చును.

2004 జూలైలో పీపుల్స్ వార్‌పై నిషేధం గడువు ముగియగా ప్రభుత్వం పొడిగించలేదు. అక్టోబరు 15 నుండి 18 వరకు హైదరాబాదులో చర్చలు జరిగాయి. ప్రభుత్వ పక్షానికి హోం మంత్రి కె.జానారెడ్డి నాయకత్వం వహించగా, మావోయిస్టు పక్షం నుండి రామకృష్ణ తదితరులు, జనశక్తి పక్షం నుండి అమర్, రియాజ్ పాల్గొన్నారు. వరవరరావు, గద్దర్, కళ్యాణరావు పార్టీ పక్షాన దూతలుగా వ్యవహరించారు. దూత ఒక పక్షం మాటను మోస్తాడు. మధ్యవర్తి ఉభయులకూ జవాబుదారీ. విద్యార్థులు ఈ భేదాన్ని గమనించవలెను.

గ్రామాలలో దళాలు ఆయుధాలు ధరించి తిరగడంపై ఏకాభిప్రాయం కుదరలేదు. 2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుండి వైదొలిగారు. అదే సంవత్సరం ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యుడు సి.నర్సిరెడ్డి హత్య జరుగగా, రెండు రోజులకే ప్రభుత్వం నిషేధం విధించినది.

సామర్థ్యపు మదింపు

చర్చలు విఫలమైనంత మాత్రాన మధ్యవర్తులు అసమర్థులని తేల్చడం సబబు కాదు. ఆయుధాలు దించే నిర్ణయం వారి చేతిలో లేదు. వారి పనిని కొలవాలంటే ఉభయులు వారిని ఎంతకాలం అంగీకరించారు, వారి వలన ఎవరికైనా హాని కలిగినదా అని చూడవలసి ఉంటుంది. రెండవ అంశంపై మేరీ ఆండర్సన్ 1999లో ఒక గ్రంథమే వెలువరించినది: కరవు, యుద్ధ ప్రాంతాలలో అందించే సహాయం కూడా ఘర్షణను ఎగదోయగలదని ఆమె వివరించినది.

2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం ఒక ప్రాంతపు శాంతి సామరస్యాలకు భంగం కలిగించే వివాదాలకు సామాజిక మధ్యవర్తిత్వాన్ని ప్రతిపాదించినది. ముగ్గురు సభ్యులు గల ఈ ప్యానెల్‌కు అర్హులుగా అనుభవజ్ఞులైన మధ్యవర్తులనే గాక, ప్రజలలో గౌరవం, నిజాయితీ గలవారిని కూడా చట్టం పేర్కొన్నది. చట్టంలోని సెక్షన్లన్నీ ఒకేసారి అమలులోకి రాలేదు. ఈ విధంగా కుదిరిన ఒప్పందాన్ని సివిల్ కోర్టు డిక్రీ వలె అమలు చేయించుకొను వీలు లేదు.