మూసిన పెట్టెలోని గాలి

అటకపైనుండి పాత వాల్వు రేడియోను దింపి, వెనుకనున్న చిల్లుల అట్టను విప్పి చూచినచో, వాల్వుల ప్రక్కన నల్లని కాగితపు శంకువొకటి కనబడును. మన యిండ్లలో వార్తలను, హరికథలను, త్యాగరాజ కృతులను వినిపించిన కంఠము అదియే. ఇటువంటి పాత లౌడుస్పీకర్లను వెదకి కొని, బాగుచేసి, ఇంట సంగీతము వినవలెనను ముచ్చట నేడు పలుదేశములలో కలదు. ముచ్చట మంచిదే. కాని కాలము వలన చెడిన స్పీకర్లతోపాటు, వాటి చరిత్ర తెలియక చేసిన మరమ్మతు వలన చెడినవియు ఉన్నవి. మొదటివానిని బ్రతికించవచ్చును, రెండవవానిని బ్రతికించుట కష్టము. ఈ మాటకు నిదర్శనముగా ఒక అమెరికను స్పీకరు కథను చెప్పెదను.

తొలినాళ్ల రేడియోలకు టెలిఫోను చెవిగొట్టము వంటి దానికి పెద్ద బూరను తగిలించి వినుచుండిరి. మాట తెలిసెడిదేగాని ముక్కుతో పలికినట్లుండెడిది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇంజనీర్లు బూరను విడిచి, కాగితపు శంకువు మొదట సన్నని తీగచుట్టను అమర్చి, అది అయస్కాంతపు సందులో ఊగునట్లు చేసిరి. చుట్టలో విద్యుత్తు మారినకొలది శంకువు ముందువెనుకలకు ఆడి గాలిని కదల్చును. నేటికిని ఇండ్లలోని స్పీకర్లలో హెచ్చుభాగము ఈ పద్ధతివే.

ఇందులో ఒక చిక్కు కలదు. శంకువు ముందుకు కదలినప్పుడు ఎదుటి గాలి ఒత్తుకొనును. వెనుక గాలి పలుచబడును. ఈ రెండును కలిసికొన్నచో ఒకదానినొకటి హరించును. అందు ముఖ్యముగా నష్టపడునవి మంద్రస్వరములు. వెనుక తెరచియున్న చిన్న రేడియోలో వీణ తీగలు చక్కగా వినబడి, మృదంగపు తొప్పి నాదము మాత్రము లోతు లేక పోవుటకు ఇది యొక కారణము. వెనుక శబ్దమును బంధింపవలెనన్న పెట్టె కావలెను. పెట్టె చిన్నదైనచో లోపలి గాలి శంకువును బిగబట్టును. కావున పెద్ద పెట్టెయే శరణ్యమని అందరును తలచిరి. పాల్ క్లిప్ష్ అను నతడు 1946లో ఆర్కన్సా రాష్ట్రమున సంస్థను నెలకొల్పి అమ్మిన క్లిప్షార్ను అనునది బీరువావలె గది మూలను ఆక్రమించి, ఆ గోడలనే బూర నోరుగా వాడుకొనును. దానిని మెచ్చువారు నేటికిని కలరు. కాని అటువంటివి రెండు పెట్టుటకు ఎందరి యిండ్లలో చోటుండును?

ఎడ్గార్ విల్చర్ రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యములో ఎలక్ట్రానిక్ పరికరముల పని చూచి, పిమ్మట న్యూయార్కు విశ్వవిద్యాలయమున శబ్ద పునరుత్పత్తిని గూర్చి పాఠములు చెప్పుచుండెను. శంకువును మరల యథాస్థానమునకు లాగునది దాని అంచునను వెనుకను ఉండు బిగువైన ఆధారము. ఆ బిగువు అన్ని దూరములకు ఒకేతీరుగా ఉండదు. శంకువు ఎక్కువ దూరము ఊగినకొలది స్వరము వికృతమగును. విల్చర్ దీనిని కనిపెట్టి, ఆ బిగువును చాలవరకు తీసివేసి, శత్రువనుకొన్న పెట్టెలోని గాలినే స్ప్రింగుగా పెట్టుకొన్న నేమియని ఆలోచించెను. గాలి ఆ పనిని కాగితముకంటెను గుడ్డకంటెను సమముగా చేయును. పైగా అందుకు పెట్టె చిన్నదిగానే ఉండవలెను! వుడ్‌స్టాక్‌లోని తన యింట ఆయన చేసిన తొలి నమూనాకు మెత్తని అంచు, పరుపులకు వాడు నేతగుడ్డతో తయారైనది. ఆ పనిలో భార్య రోజ్‌మేరీ తోడ్పడెను. గొప్ప ఆలోచనలకు గొప్ప సామగ్రియే కావలెనను నియమము లేదుగదా.

ఆయన తరగతిలో కూర్చుండిన హెన్రీ క్లాస్ అను యువకునితో కలిసి విల్చర్ 1954లో మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జిలో అకూస్టిక్ రీసెర్చ్ సంస్థను స్థాపించెను. వారి తొలి స్పీకరు ఏఆర్-1 పెట్టె 25 అంగుళముల పొడవు, 14 అంగుళముల వెడల్పు కలది. అందు 12 అంగుళముల శంకువు. 1958లో వచ్చిన ఏఆర్-3లో తారస్వరములకు చిన్న గుమ్మటముల వంటి వేరు భాగములను చేర్చిరి. ఆ రోజులలోనే స్టీరియో రికార్డులు వచ్చుటచే ఇంటికి రెండేసి పెట్టెలు అవసరమై, అలమరలో పట్టు పెట్టెకు కాలము కలిసివచ్చెను. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అను తంత్రీవాద్య బృందముచేత కచేరీ చేయించి, నడుమ కళాకారులు కమానులను ఊరక ఆడించుచుండగా స్పీకర్లను పలికించిరి. మార్పు ఎక్కడ జరిగినదో శ్రోతలలో పలువురు పట్టలేకపోయిరి. ఇందులో వ్యాపారపు గడుసుతనము కొంత లేకపోలేదు; అయినను అటువంటి పరీక్షకు నిలుచుటకు ధైర్యము కావలెను. ఏఆర్-3 నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ అమెరికా చరిత్ర ప్రదర్శనశాల సేకరణలో ఉన్నది.

ఇక కొనుట, బాగుచేయుట. గాలియే స్ప్రింగు గనుక, ఈ స్పీకరుకు గాలి కారుటకంటె పెద్ద జబ్బు లేదు. అమ్మువాడు కొయ్యకు మెరుగుపెట్టి, ముందు గుడ్డ మార్చి చూపును. కొనువాడు చూడవలసినది అది కాదు. వ్రేళ్లను శంకువు చుట్టును సమముగా ఆనించి, మెల్లగా లోపలికి ఒత్తి విడువవలెను. అది తాపీగా బయటికి వచ్చినచో పెట్టె మూతపడి యున్నది. చటుక్కున ఎగిరి వచ్చినచో ఎక్కడనో సందున్నది. అంచుగుడ్డపై గాలి చొరకుండ పూసిన పూత ఎండి పోయియుండవచ్చును. శంకువు చట్రము క్రింది మెత్తని బంక రాయియై యుండవచ్చును. గుడ్డ చినుగనిచో దానిని తీయరాదు. ఆరినను మెత్తగానే ఉండు పలుచని పూతను మరల పూసిన చాలును. దట్టముగా పూసినచో శంకువు బరువెక్కి, బిగుసుకొని, విల్చర్ తీసివేసిన బిగువే తిరిగి వచ్చును. లోపలి గాజునూలును చెత్తయని పారవేయువారు కలరు. అది గాలియొక్క స్వభావమును దిద్దు భాగము. ఎంత తీసితిమో అంతయు తిరిగి పెట్టవలెను. చేతులకు తొడుగు, ముక్కునకు గుడ్డ మరువరాదు. అన్నిటికంటె ఘోరము, మంద్రస్వరము పెరుగునను ఆశతో పెట్టెకు కన్నము చేయుట. మరియొక సంస్థ శంకువును బిగించుటయు దాని తోబుట్టువే.

తారస్వరములు పలుకనిచో వెంటనే ఆ భాగము చచ్చినదని నిర్ణయింపరాదు. వెనుకనున్న స్థాయి మార్చు మరలు లోపల చిలుమెక్కి విద్యుత్తును ఆపుట ఈ జాతికి పరిపాటి. వానిని విప్పి శుభ్రపరచిన పిమ్మట మూగపోయినవి పలికిన సందర్భములు పెక్కులు. పాత కండెన్సర్లు కాలక్రమమున విలువ మారును గనుక వానిని కొలిచి, అవసరమైనచో మార్చుట తప్పుకాదు. 1970 తరువాత పలు సంస్థలు అంచునకు గుడ్డ మాని పాలియురెథేన్ స్పాంజిని వాడినవి. గాలిలోని తేమ దానిని తినివేయును; మన కోస్తావంటి ఉక్క ప్రదేశములలో మరింత త్వరగా పొడియగును. దానికి మందు లేదు. అదే కొలతయు, అదే మెత్తదనమును గల క్రొత్త అంచునే అంటింపవలెను.

అన్ని పాత స్పీకర్లకు ఇదే వైద్యము అనుకొనరాదు. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1957లో తెచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరులో శంకువే లేదు. వేల వోల్టుల నడుమ పలుచని పొర యొకటి కంపించును. దానిని అనుభవము లేనివారు ముట్టరాదు.

ఏఆర్ స్పీకరు అల్పశక్తితో గట్టిగా పలుకదు; పాత వాల్వు రేడియోకు తగిలించి గొంతు లేదని నిందించుట అన్యాయము. అంచుగుడ్డకు పూత పూసిన వెంటనే వినవలెనను ఆత్రము కలుగును. ఒక రాత్రి ఆగవలెను. తెల్లవారిన పిమ్మట పూత అంటుకొనకుండ ఆరినదా యని చూచి, మునుపటివలెనే శంకువును ఒత్తి విడువవలెను. అది తొందరలేక బయటికి వచ్చినచో, ఇక తీగలు తగిలింపవచ్చును.