ఆయుధములపై తయారీ ముద్రలు

ఖడ్గము, ఫిరంగి, తుపాకి మొదలగు ఆయుధములపై చేసినవాని పేరునో, చేయించినవాని బిరుదమునో, సంవత్సరమునో, పరీక్షాధికారి చిహ్నమునో చెక్కుటయు, పోతలోనే నిలుపుటయు, సుత్తిదెబ్బతో అచ్చు గ్రుద్దుటయు బహుకాలముగా వచ్చుచున్న ఆచారము. ఈ ముద్రలను చదివి ఆయుధముయొక్క పుట్టుకను నిర్ణయించు విద్య నభ్యసింపగోరువారికి హైదరాబాదు అనుకూలమైన క్షేత్రము. నయాపూల్ వంతెన దాటి మూసీనది దక్షిణపు టొడ్డున కొంచెము దూరము నడచినచో, మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను కూర్చిన వస్తుసంచయముతో 1951లో నెలకొల్పబడి, 1968లో నేటి భవనమునకు తరలివచ్చిన మ్యూజియమునందు కత్తులు, కటారులు, కవచములు వరుసగా కనబడును. అచటినుండి పడమటగా గోలకొండకు పోయినచో బురుజులమీద ఫిరంగులే పలుకరించును.

పెట్ల బురుజుపైనున్న ఫతే రహబరు, మూసా బురుజుపైనున్న అజ్‌దహా పైకరు అను రెండు ఫిరంగులును ఔరంగజేబు సైన్యమునకు సంబంధించినవి. వీనిపై పారసీక లిపిలో పాదుషా బిరుదావళియు, ఫిరంగి పేరును, పోతపోసిన మహమ్మదాలీ అరబు అను శిల్పి పేరును, సంవత్సరమును, పట్టు గుండు తూకమును, వేయవలసిన మందు పరిమాణమును వ్రాయబడి యున్నవి. ఇంత నిస్సంకోచముగా తన్ను తాను పరిచయము చేసికొను ఆయుధము అరుదు. అయినను చూపరులు తరచుగా పొరబడు తావొకటి కలదు. ఈ ఫిరంగులు పోతపోయబడినది 1687 నాటి గోలకొండ ముట్టడికి పదేండ్లకు పైగా ముందు. కావున వానిపైని సంవత్సరము పోతకాలమును తెలుపునేగాని యుద్ధకాలమును తెలుపదు. ముద్రాశాస్త్రమున మొదట నేర్వవలసిన పాఠమిదియే.

ఖడ్గముల విషయము ఇంతకంటె చిక్కైనది. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో కరగించిన ఉక్కును కొనుటకు ఇస్ఫహాను వర్తకులు వచ్చుచుండిరని భూగర్భశాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832లో ప్రకటితమైనది. తెలంగాణపు టుక్కు పారసీకమునకు పోయి కత్తియై, మరల ఈ దేశపు టంగళ్లకు వచ్చుట అసంభవము కాదు. ఇస్ఫహానులోని అసదుల్లా అను పనివాని కీర్తి ఎంతటి దనగా, అతని తరువాత నెన్నియో తరములవరకు ఎందరో కమ్మరులు తమ కత్తులపై అతని పేరే చెక్కిరి. కనుక ఆ పేరు కనబడిన కత్తి ఆయన చేతిదని నమ్ముటకంటె, కాదని యనుమానించి పరీక్షించుటయే మేలు.

నిజాము అలీఖాను కొలువున నుండిన ఫ్రెంచి సేనాని రేమండు, నేటి ఫతేమైదాను సమీపమున, పదునెనిమిదవ శతాబ్దపు కడపటి దశకమున ఫిరంగుల పోతశాల నెలకొల్పెను. తోప్ కా సాంచా అను ఆ చోటు నేటికిని గన్‌ఫౌండ్రీ అను పేర వ్యవహరింపబడుచున్నది. 1798 మార్చి 25వ తేదీన అతడు మరణించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1న నిజామునకును ఆంగ్లేయులకును కుదిరిన ఒడంబడిక ననుసరించి, అక్టోబరులో అతని ఫ్రెంచి దళము ఆంగ్లాధికారులు కర్క్‌పాట్రిక్కు, మాల్కములయెదుట ఆయుధములు దించెను. మూసారాంబాగు సమీపమునందలి గుట్టపైనున్న అతని సమాధిపై జె. ఆర్. అను రెండక్షరములు మాత్రమే చెక్కబడి యున్నవి. పాదుషా బిరుదములకు ఫిరంగి యందు చోటు చాలకపోగా, ఈ సేనానికి సమాధియందును రెండక్షరములే చాలినవి.

ఆవిరియంత్రములతో నడచు కర్మాగారములు వెలసిన పిమ్మట శిల్పి పేరు మాయమై, కర్మాగారపు పేరు మిగిలెను. వంగదేశమునందలి ఇషాపూరు రైఫిళ్లపై కిరీటమును, రాజుయొక్క పొడియక్షరములను, ఊరి పేరును, సంవత్సరమును బాహాటముగా గ్రుద్దుచుండిరి. స్వాతంత్ర్యానంతరము కిరీటపు స్థానమున అశోకుని సింహములు చేరెను.

జర్మనీలో ఇందుకు విపరీతమైన పద్ధతి ప్రబలెను. 1919 నాటి వర్సేల్స్ సంధి విధించిన ఆంక్షలను తప్పించుకొనుటకై, ఓబర్న్‌డార్ఫునందలి మౌజరు కర్మాగారము రైఫిళ్లపై తన పేరునకు బదులు ఎస్/42 అను సంకేతమును, సంవత్సరమునకు బదులు ఒక అక్షరమును వాడినది: కె యన్నచో 1934, జి యన్నచో 1935. రెండవ ప్రపంచయుద్ధము ముదిరిన తరువాత కర్మాగారములకు అక్షరసంకేతములు ఏర్పడెను. బి.వై.ఎఫ్. అనునది ఓబర్న్‌డార్ఫు మౌజరు, బి.ఎన్.జెడ్. స్టెయిరు, సి.ఇ. సౌవరు, బి.సి.డి. వైమారునందలి గుస్ట్‌లాఫు. గొట్టము వచ్చి బిగియు ఉక్కుభాగపు నెత్తిపై ఈ అక్షరములును, వాని దాపున సంవత్సరపు కడపటి రెండంకెలును ఉండును. ప్రక్కలయందు గరుడపక్షి క్రింద తనిఖీ అంకెలు కనబడును. క్రమసంఖ్య పదివేలకు చేరువైనప్పుడు మరల ఒకటినుండి మొదలిడి, ప్రక్కన నొక అక్షరమును చేర్చుచుండిరి. అక్షరమును విడిచి అంకెను మాత్రము చదువువాడు రెండు వేర్వేరు తుపాకులను ఒకటిగా భ్రమించుట సహజము.

ఈ రైఫిళ్లు మనవారి చేతులకు రాకపోలేదు. ఉత్తరాఫ్రికాలో పట్టువడిన భారతసైనికులతో జర్మనీలో ఏర్పడి, 1942లో సాక్సనీ ప్రాంతపు కోనిగ్స్‌బ్రూక్ శిబిరమున శిక్షణ పొందిన ఆజాద్ హింద్ దళము జర్మను ఆయుధములనే ధరించెను. ఆ రోజులలో సుభాష్‌చంద్రబోసుకు చేదోడుగానుండి, 1943లో జలాంతర్గామిలో ఆయనవెంట పయనించిన ఆబిద్ హసన్ హైదరాబాదీయుడే.

1944, 45 సంవత్సరముల జర్మను తుపాకులను గుర్తించుటకు ముద్రలకంటె ముద్రలలేమి ఎక్కువగా తోడ్పడును. చిన్నభాగములపై క్రమసంఖ్యలు వేయుట మానిరి; తనిఖీముద్రలు తగ్గెను; చెక్కిన ఉక్కుకు బదులు రేకునొత్తి చేసిన పట్టీలు వచ్చెను; బాయినెట్టు తగిలించు కొక్కెము సైతము కొన్నిట లేకపోయెను. తొందర, లోహపు కరవు రెండును ఆ నునుపుదేరని యంచులయందే చదువవచ్చును. అయితే బి.సి.డి. అను మూడక్షరములు, బూకెన్‌వాల్డు నిర్బంధశిబిరపు ఖైదీలచే గుస్ట్‌లాఫు సంస్థ చేయించిన వెట్టిని ఏమాత్రమును బయలుపెట్టవు.

మౌజరు సంకేతము యుద్ధాంతమున ఎస్.వి.డబ్ల్యు. అని మారినది. 1945 ఏప్రిలులో ఓబర్న్‌డార్ఫును పట్టుకొన్న ఫ్రెంచివారు, అచట మిగిలిన భాగములతో అదే సంకేతముపై కొంతకాలము తుపాకులు కూర్పించిరి. కావున ఆ యక్షరములున్న తుపాకి హిట్లరు సైన్యమునకు చేరినదో, అతని శత్రువులకొరకు తయారైనదో తేల్చుటకు క్రమసంఖ్యను, తనిఖీముద్రలను, పనితనమును కలిపి చూడవలసియున్నది.