పాత పైపుకు కొత్త మెరుపు

ఇక్కడి చర్చివారి పాత సామాన్ల అమ్మకంలో చిల్లర డబ్బుకే ఒక పొగాకు పైపు కొన్నాము. మా ఇంట పొగతాగేవారు లేరు. మోజంతా వస్తువు మీదే.

దాని గిన్నె బ్రయర్ కొయ్య, అంటే మధ్యధరా తీరపు పొద ఒకదాని వేరుముడి. త్వరగా కాలదు. 19వ శతాబ్దం నడుమ ఫ్రాన్సులోని సెయింట్ క్లోడ్ పనివారు దాన్ని చేపట్టాక మట్టి పైపులు వెనుకబడ్డాయి. నోటి గొట్టం గంధకంతో గట్టిపరచిన రబ్బరు; వెలుతురుకు పాలిపోయింది.

గిన్నెలో ఉప్పు నింపి, స్పిరిటు పోసి రాత్రంతా ఉంచితే కంపు వదిలింది. గొట్టానికి టూత్‌పేస్టు చాలింది. అంతటితో ఊరుకోక కాడను గరుకు కాగితంతో రుద్దాము. మెరుపు వచ్చింది, కొయ్యపై అచ్చొత్తిన పేరు పోయింది!

వెండి పట్టీ ఆదుకుంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో వెండిని పరీక్షించే కార్యాలయాలు ఏటికొక అక్షరం ముద్ర వేసేవి. లంగరు బొమ్మ బర్మింగ్‌హాంది. పక్కనున్న అక్షరం 1912 నాటిది. ఆ పట్టీని ఇప్పుడు మెత్తని గుడ్డతో తప్ప ముట్టుకోవడం లేదు.