బారామహలు చెప్పు సాక్ష్యము: పొరుగు రాష్ట్రముల పోలికలపై ఒక చారిత్రక పరిశీలన

తెలుగునాట ధర్మపురి యనగానే గోదావరీతీరమందలి నృసింహక్షేత్రమును, ఆ స్వామిపై శతకము చెప్పిన శేషప్పకవియు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఈ వ్యాసమునకు విషయమైన ధర్మపురి అది కాదు. తమిళనాడు వాయవ్యభాగమున, సేలమునకును కృష్ణగిరికిని నడుమ, కావేరి కన్నడదేశమును వీడి తమిళదేశమున ప్రవేశించు చోటికి చేరువనున్న మెట్టసీమ యిది. దీని ప్రాచీన నామము తగడూరు. సంగమకాలమున అతియమాన్ నెడుమాన్ అంజి యను ప్రభువు ఇచట ఏలెననియు, తనకు లభించిన అరుదైన ఉసిరికపండును తాను తినక కవయిత్రి అవ్వైయారునకు ఒసగెననియు తమిళుల ఐతిహ్యము.

దక్షిణ రాష్ట్రములలో ఎవరు ముందు, ఎవరు వెనుక అను వాదము మనలో తరచుగా వినబడుచున్నది. తమిళులు చదువరులు, పొదుపరులు, తెలుగువారు ఆడంబరప్రియులు, కన్నడిగులు సాధువులు, మలయాళీలు ఎచ్చటికేగినను బ్రతుకనేర్చినవారు: ఇట్టి మాటలు పెండ్లిపందిళ్లలోను, రైలుపెట్టెలలోను వినని వారుండరు. ఇటీవల ఈ మాటలకు గణాంకములు తోడైనవి. రాష్ట్రముల సగటులను ప్రక్కప్రక్కన నిలిపి, ఒక జాతి గుణమును నిర్ణయించుట పరిపాటియైనది. మూడు భాషలు కలిసిన ధర్మపురిసీమ నుండి చూచినచో ఈ పోలికలు ఎంతవరకు నిలుచునో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

నిందావాచకముల పుట్టుక

మొదట పేర్లను విచారింతము. మనము తమిళుని 'అరవవాడు' అందుము. తమిళదేశపు ఉత్తరభాగమున ఉండిన 'అరువానాడు' అను సీమ పేరునుండి ఈ మాట పుట్టెనని పండితులు తలంతురు. తమిళులు ప్రాచీనకాలమున మనవారిని 'వడుగర్' అనిరి. ఉత్తరదిక్కువారని దాని యర్థము. కన్నడిగులు తమిళులను 'తిగుళ'లనుట కలదు. అది తమిళశబ్దమునకే కలిగిన రూపాంతరమందురు. మలయాళీలు వారినే 'పాండి' యందురు. పాండ్యదేశమువాడని మాత్రమే మొదటి భావము. ఈ నాలుగు పేర్లలో ఏదియు జన్మతః తిట్టు కాదు. ఒకటి సీమను, ఒకటి దిక్కును, ఒకటి భాషను, ఒకటి రాజ్యమును తెలిపినవి. పొరుగువాడు కూలికొరకో, కొలువుకొరకో, వర్తకముకొరకో మన యూరికి వచ్చి మనతో పోటీపడిన పిమ్మట ఆ పేర్లకు ఎకసక్కెము అంటుకొన్నది. ఉత్తరాదివారు మన అందరిని కలిపి 'మదరాసీ'లని పిలిచినప్పుడు మాత్రము నలుగురికిని ఒక్కసారే కష్టము తోచినది!

సరిహద్దులు లేని సీమ

క్రీస్తుశకము 9వ శతాబ్దిలో ధర్మపురి నొళంబరాజుల యేలుబడిలో ఉండెను. వారి రాజధాని హేమావతి, నేటి ఆంధ్రప్రదేశమున మడకశిర ప్రాంతమునందున్నది. ఆ వంశపు మహేంద్రుని కాలమునాటి కన్నడశాసనములు ధర్మపురిలో లభించినవి. తెలుగుసీమలో రాజధాని, కన్నడమున శాసనము, తమిళదేశమున ఊరు: నేటి రాష్ట్రముల పటము చేతబట్టి ఈ రాజ్యమును ఎవరి ఖాతాలో వ్రాయగలము?

విజయనగరకాలమున తెలుగు దండనాయకులును, వారి వెంట కాపులును, నేతగాండ్రును, చర్మకారులును ఈ సీమకు వచ్చి నిలిచిరి. 16వ శతాబ్ది చివర పెనుగొండను రక్షించిన జగదేవరాయలకు ఈ బారామహలుసీమ జాగీరుగా ఒసగబడెను. పిదప మైసూరు ఒడయరులు, హైదరు, టిప్పు దీనిని పాలించిరి. అందుచేత నేటికిని హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతముల యిండ్లలో తెలుగు, బడిలో తమిళము, సంతలో కన్నడము వినబడుట వింత కాదు.

ప్రకృతియు ఈ సాక్ష్యమునే చెప్పుచున్నది. కన్నడదేశమందలి నందిపర్వతప్రాంతమున రెండు నదులు పుట్టినవి. ఉత్తరపినాకిని మన అనంతపురము, కడప, నెల్లూరు సీమలను తడిపి సముద్రమున కలియును. దానినే పెన్న అందుము. దక్షిణపినాకిని కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలగుండ పారి తెన్‌పెణ్ణై అను పేర కడలూరు చెంత సముద్రమును చేరును. అక్కచెల్లెండ్రు వేరువేరు ఇండ్ల కోడండ్రయినట్లు ఇవి రెండు రాష్ట్రముల కయ్యెను. ధర్మపురి జిల్లాకు గర్వకారణమైన హొగెనకల్ జలపాతము పేరు కన్నడము; పొగలు గ్రక్కు రాయి యని అర్థము. ఇక ఆహారము: మనము రాగిసంగటి యనునది వారికి కళి, కన్నడిగులకు ముద్దె. పాత్ర ఒకటే, పిండి ఒకటే, పేర్లే మూడు. తమిళుడనగా సాంబారన్నము తినువాడని చెప్పువారు ఈ సీమ రైతు యింట భుజించి యుండరు.

ఒక్క సంధి, మూడు సీమలు

1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పుసుల్తాను తన రాజ్యమున సగమును కోల్పోయెను. అందు బారామహలు, మలబారు కుంఫిణీవారికి దక్కెను. అదే సంధిలోను, 1799లో టిప్పు మరణానంతరము జరిగిన పంపకములోను నైజాముకు లభించిన ప్రాంతములు 1800లో దత్తమండలములై ఇంగ్లీషువారికి చేరెను. 1928లో నంద్యాల ఆంధ్రమహాసభలో రాయలసీమ యను పేరు పొందినది ఆ దత్తమండలములే. 1800లోనే మలబారు కూడ బొంబాయి నుండి చెన్నపురి పాలనకు మారెను. కావున బారామహలు, రాయలసీమ, మలబారు: ఈ మూడును పూర్వము మైసూరు క్రింద నుండి, పిమ్మట నూటయేబది సంవత్సరములు ఒకే చెన్నపురి ప్రభుత్వము క్రింద నుండెను.

మొదటి రెంటికిని ఒక మనుష్యునివలన సన్నిహితబంధ మేర్పడెను. కెప్టెను అలెగ్జాండరు రీడు క్రింద 1792 మొదలు 1799 వరకు బారామహలు బందోబస్తు చేసిన థామస్ మన్రో ధర్మపురిలో నివసించెను. జమీందారు నడుమ లేక, రైతునుండి నేరుగా శిస్తు గైకొను రైత్వారీపద్ధతికి ఇచటనే పునాది పడెను. 1800లో ఆయన దత్తమండలములకు మారి, ఇచట నేర్చిన విద్యను అచట అమలుపరచెను. 1827లో చెన్నపురి గవర్నరుగా పర్యటించుచు పత్తికొండలో విషూచిచే మరణించెను. రాయలసీమవారు ఆయనను ప్రేమతో 'మండ్రోలయ్య' యని తలచిరి. పద్ధతి మంచిదే కాని, వాన కురిసినను కురియకున్నను శిస్తు రొక్కముగా చెల్లింపవలసిన మెట్టరైతునకు అప్పు తప్పలేదు. 1876-78 నాటి మహాక్షామము సేలముజిల్లాను, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను, మైసూరును ఒక్కరీతిగ పీడించెను. ఆకలి ఎవని భాష యేదని అడుగలేదు.

1953లో రాయలసీమ ఆంధ్రరాష్ట్రమున చేరెను. 1956లో మలబారు కేరళమున కలిసెను. బారామహలు మదరాసు రాష్ట్రముననే నిలిచి, 1965లో సేలమునుండి విడివడి ధర్మపురి జిల్లాయయ్యెను. అందుండి 2004లో కృష్ణగిరి వేరుపడెను. ఒకే తల్లి బిడ్డలు మూడిండ్లకు దత్తుపోయినట్లయినది. ఏ యింట ఎట్లు పెరిగిరో చూతము.

సగటులు దాచు సత్యము

2011 జనగణన ననుసరించి అక్షరాస్యత కేరళమున 94, తమిళనాట 80.09, కర్ణాటకమున 75.36, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 67.02 శాతము. ఈ వరుసను చూపి తెలుగువారు వెనుకబడిన జాతి యని కొందరు తేల్చిరి. కాని ధర్మపురి జిల్లా అక్షరాస్యత 68.54 శాతము, తమిళనాట అన్నిటికంటె అడుగున నున్న జిల్లా యిదే. తన రాష్ట్రపు సగటునకు పదకొండు పాళ్లకు పైగా దూరమున నున్న ఈ జిల్లా, ఆంధ్రప్రదేశపు సగటునకు ఒకటిన్నర పాలు మాత్రమే దూరము. సరిహద్దుకు ఆవలనున్న మన చిత్తూరుజిల్లా నాడు 71.53 శాతముతో ధర్మపురికంటె ముందుండెను. మరల అనంతపురము 63.57తోను, కర్నూలు 59.97తోను వెనుకబడెను.

తమిళనాట అగ్రస్థానము కన్యాకుమారి జిల్లాది, 91.75 శాతము. ఆ జిల్లా 1956 నవంబరు 1వ తేదీ వరకు తిరువాన్కూరు పాలనలోని భూమి. కర్ణాటకమున ముందున్న దక్షిణకన్నడము అదే తేదీ వరకు చెన్నపురి పాలనలోనిది, 88.57 శాతము. అదే రాష్ట్రమున నైజాము పాలనలో నుండిన యాదగిరి 51.83 శాతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున హైదరాబాదు నగరము 83.25, పాలమూరు 55.04. ఒక భాషవారిలోనే ముప్పది పాళ్ల అంతరము కనబడుచుండగా, భాషనుబట్టి బుద్ధిని కొలుచుట ఎట్లు చెల్లును? ఈ సంఖ్యలు పూర్వపాలకుల పాఠశాలలు ఎచట నుండెనో, ఎచట లేకుండెనో తెలుపుచున్నవి.

ఇచట మలబారు మనకు గొప్ప పాఠము చెప్పును. తిరువాన్కూరున 1817లోనే రాణి గౌరీ పార్వతీబాయి ప్రజావిద్యాభారమును ప్రభుత్వము వహింపవలెనని శాసించెను. చెన్నపురి క్రింద నున్న మలబారునకు ఆ భాగ్యము లేకపోయెను. 1956లో కేరళమున చేరునాటికి అది దక్షిణభాగముకంటె చాల వెనుకబడి యుండెను. అచటి మలప్పురము పేదదని పేరుపడిన జిల్లా. 2011 నాటికి దాని అక్షరాస్యత 93.57 శాతము, అనగా రాష్ట్రపు సగటునకు ఇంచుమించు సమానము. కేరళమున ఎగువ జిల్లాకును దిగువ జిల్లాకును అంతరము సుమారు ఎనిమిది పాళ్లే. తమిళనాట అది ఇరువదిమూడు. కేరళము ఘనత సగటు సంఖ్యలోకంటె ఈ అంతరమును తగ్గించుటలోనే ఎక్కువగ కనబడుచున్నది. మలబారునకు వాన మెండు, మెట్టసీమకు లేదనునది నిజమే. కాని వాన పంటను పండించును గాని బడిని కట్టదు.

తమిళనాడు చేసిన మేలును తక్కువ చేయుట న్యాయము కాదు. 1956లో కామరాజు ప్రభుత్వము ఆరంభించి, 1982లో ఎం.జి. రామచంద్రన్ విస్తరించిన మధ్యాహ్నభోజనపథకము దేశమంతటికిని మార్గదర్శకమైనది. అట్టి రాష్ట్రముననే ధర్మపురి వెనుకబడుట, మంచి పథకమైనను మారుమూల సీమపై ప్రత్యేకశ్రద్ధ లేనిదే చాలదని చెప్పుచున్నది.

నీరు, ఆడుబిడ్డ

జీవనప్రమాణమును కొలుచుటకు అక్షరాస్యత యొక్కటే చాలదు. ఈ సీమలో మొదటి ప్రశ్న త్రాగునీరు. నల్లరాతిపొరలలోని ఫ్లోరైడు బావినీటిలో కలిసి పండ్లపై గారపట్టించి, ఎముకలను వంకరలు తిప్పును. భారతదేశమున ఈ వ్యాధి 1937లో మొదట గుర్తింపబడినది నాటి నెల్లూరుమండలపు మెట్టలలో, అనగా నేటి ప్రకాశము జిల్లా ప్రాంతమున. నల్లగొండ పేరు ఈ బాధతో ముడిపడియే లోకమునకు తెలిసినది; పటిక, సున్నము కలిపి నీటిని శుద్ధిచేయు విధానమునకు 'నల్లగొండ పద్ధతి' యనియే పేరు. కోలారునను ఇదే బాధ, ధర్మపురినను ఇదే బాధ. కావేరీజలమును ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు అందించు హొగెనకల్ పథకముపై 2008లో రెండు రాష్ట్రముల మధ్య ఉద్రేకములు చెలరేగినవి. 2013లో ఆ పథకము ప్రారంభమైనది. ఆ కలహకాలమున ఇరువైపుల నినాదములు చేసినవారిలో వంగిన యెముకలుగల వృద్ధులెందరో తెలియదు గాని, నీటికై ఎదురుచూచినవారు వారే.

రెండవది ఇంకను బాధాకరము. సేలము, ధర్మపురి జిల్లాలలో ఆడుశిశువులను పుట్టగనే చంపు దురాచారము వెల్లడియై, 1992లో సేలమున ప్రభుత్వము ఉయ్యాలపథకమును నెలకొల్పెను. పిదప అది ధర్మపురికి విస్తరించెను. 2001లో ధర్మపురి జిల్లాలో ఆరేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు తొమ్మిదివందలకు లోబడియుండిరి; 2011 నాటికి ఆ సంఖ్య తొమ్మిదివందలు దాటెను. దీనిని విని, 'మా వైపు ఇట్టి పాపము లేదు' అని తెలుగువారు తలయెత్తుకొన దలచినచో మన లెక్కను కూడ చూడవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అదే నిష్పత్తి 961 నుండి 939కి పడిపోయినది. ఒకరు పడిన గోతినుండి లేచుచుండగా మనము దానివైపు నడచితిమి.

ఉపసంహారము

హైదరాబాదునుండి కన్యాకుమారికేగు 44వ జాతీయమార్గము కర్నూలు, అనంతపురము, పెనుగొండ, బెంగుళూరు, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలములగుండ పోవును. ఆ త్రోవన పోవువాడు రాష్ట్రము మారెనని గుర్తించునది ఫలకములపై అక్షరములను చూచియే. గుట్టలు, చింతచెట్లు, మామిడితోపులు, ఎండిన చెరువులు అవియే. రాష్ట్రముల పోలిక వ్యర్థమని నా యభిప్రాయము కాదు. ధర్మపురిని తంజావూరితో కలిపి సగటు తీయుటకంటె, ధర్మపురిని అనంతపురముతోను, కోలారుతోను, నల్లగొండతోను పోల్చి, ఎవరు ఏ ఉపాయముచేత ఏ కష్టమును తగ్గించిరో తెలిసికొనుట ప్రయోజనకరము. అట్టి పోలిక విద్య. జాతికి గుణము నంటగట్టు పోలిక వినోదము మాత్రమే.

తమిళనాట స్థిరపడిన తెలుగువారమైన మనకు ఇందు ఒక విశేషబాధ్యత కలదు. రెండు ఇండ్ల మాటలును మనకు తెలియును. ఒకరి యింట వినిన ఎకసక్కెమును రెండవ యింటికి మోయుటకంటె, ఒక యింట ఫలించిన ఉపాయమును రెండవ యింటికి చేర్చుట మనకు తగిన పని. దొరికిన ఒక్క ఉసిరికపండును పొరుగువారి కొసగినవాని యూరు ఇది. ఆ యూరి పేరు చెప్పుకొని బ్రతుకు మనము ఆపాటి యౌదార్యమైనను నేర్వవలదా?