పిన్ను పడ్డాకే రెక్కలు

విజయవాడ, మే నెల, మేడ మీద గది. పొద్దున్న 9 కాకముందే స్లాబు వేడి నెత్తిన దిగుతోంది. మంచం గోడ వారకి జరిపి, పరుపు మీద పాత దుప్పటి కప్పారు మీరు. గది నడుమ నిచ్చెన. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఈ గదిలో పడుకునేది ఆవిడే, రోహిణి కార్తె రాకముందే కొత్త ఫ్యాను తిరగాలని పట్టుబట్టిందీ ఆవిడే.

కరెంటు మేస్త్రి సంచి దించాడు. కొత్త పెట్టె వంక చూడనైనా చూడలేదు.

"మెయిన్ ఎక్కడుంది బాబూ?"

"ఫ్యాను స్విచ్చి ఆపేశానండీ."

"ఆ స్విచ్చి ఫేజు మీద ఉందో న్యూట్రల్ మీద ఉందో మనకేం తెలుసు? మెయిన్ దించి రండి."

పాత ఇళ్లలో ఈ అనుమానం సబబే. స్విచ్చి న్యూట్రల్ వైరుకి పడి ఉంటే ఫ్యాను ఆగుతుంది కానీ పైన వైర్లలో ఫేజు అలాగే ఉంటుంది. మీరు కిందికెళ్లి ఎంసీబీ దించి వస్తారు. అప్పటికే మేస్త్రి నిచ్చెనెక్కి, ఫ్యాను రాడ్డు మీది పైకప్పు కిందికి జార్చి, కనెక్టరుకి టెస్టరు మొన ఆనించి ఉన్నాడు. టెస్టరులో బుడ్డి దీపం ఎర్రగా వెలుగుతోంది.

మీ అరచేతులు చల్లబడతాయి. ఆయన మాత్రం తొణకలేదు.

"ఇన్వర్టరు ఉందా అమ్మా?"

"ఉందయ్యా, మెట్ల కింద."

అదీ సంగతి. మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టరు లేచింది. కోత వేళల్లో ఫ్యాన్లు తిప్పాల్సింది అదే కాబట్టి, బ్యాటరీ నుంచి 230 వోల్టులు తయారుచేసి సరిగ్గా ఈ వైర్లలోకే పంపుతోంది. మెయిన్ దించేశాం కదా అని ధీమాగా చెయ్యి పెట్టేవాళ్లకి ఇంతకు మించిన అపాయం లేదు. ఇన్వర్టరున్న ప్రతి ఇంట్లో మెయిన్ బోర్డు పక్కన "ఇన్వర్టరు కూడా ఆపాలి" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి. మీరు మళ్లీ మెట్లు దిగి దాన్నీ ఆపుతారు. ఈసారి టెస్టరు వెలగలేదు. మేస్త్రి వెంటనే వైర్ల జోలికి పోకుండా, మీ చేత పక్కింటి వాళ్ల ప్లగ్గులో టెస్టరు పెట్టించి, అది పనిచేస్తోందని రూఢి చేసుకుని మరీ వైర్లు విప్పాడు.

ముందు రెక్కలు, తరవాత మోటారు. పాత ఫ్యాను మీ చేతుల్లోకి దిగుతుంది. ఇన్నేళ్లూ ఇంత బరువు అమ్మ తలకి ఎగువన తిరిగిందా అనిపిస్తుంది. ఆ బరువంతా మోసింది స్లాబు పోసినప్పుడే లోపలి కడ్డీలకి కట్టిన కొక్కెం. మేస్త్రి దాన్ని గరుకు కాగితంతో రుద్దుతాడు. తుప్పు పైపైన ఉందా, లోపలికి తినేసిందా? కింద మెరిసే ఇనుము కనబడింది. అయినా తాడు వేసి, కిందికి దిగి, తన బరువంతా మోపి లాగాడు. పెచ్చు రాలలేదు.

ఇప్పుడు నేల మీద పని. రాడ్డులోంచి వైర్లు పైకి లాగి, కింది కప్పు, పైకప్పు రెండూ ముందే రాడ్డుకి ఎక్కిస్తాడు. మోటారుకి రాడ్డు బిగించి, బోల్టుకి నట్టు, నట్టు దాటాక బోల్టు చివర బెజ్జంలో స్ప్లిట్ పిన్ను. దాని రెండు కాళ్లనీ కట్టరుతో చెరో వైపుకీ వంచుతాడు. రెక్కలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి.

"ఎత్తండి బాబూ."

మీరు స్టూలెక్కి మోటారుని భుజం దాకా, అక్కణ్ణుంచి తల పైకి ఎత్తుతారు. చెమట కళ్లలోకి జారుతోంది, తుడుచుకునే వీల్లేదు. మేస్త్రి రబ్బరు బుష్షుని కొక్కెంలో కూర్చోబెట్టి, బోల్టు దూర్చి, నట్టు బిగించాడు. "వదలనా?" అంటారు మీరు. "పిన్ను పడలేదు, ఆగండి." నట్టు ఎంత గట్టిగా బిగించినా ఫ్యాను అదురుకి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం వదులవుతూ ఉంటుంది. పిన్ను ఉంటే అది వదులైనా ఊడిపోదు. ఫ్యాను మొత్తంలో అన్నిటికన్నా చవకైన ముక్క ఇది, అందుకేనేమో తొందరలో దీన్నే వదిలేస్తారు. పిన్ను కాళ్లు వంచి, వేలితో తడిమి చూసి, "ఇప్పుడు వదలండి" అన్నాడు.

వైర్ల దగ్గర మరో నిర్ణయం. కొత్తది బీఎల్‌డీసీ ఫ్యాను. పాతది 75 వాట్లు తీసుకుంటే ఇది 28తో సరిపెట్టుకుంటుంది, కాబట్టి కోత వేళ బ్యాటరీ మీద భారం సగానికి పైగా తగ్గుతుంది. దీని మోటారులో అయస్కాంతాలూ, వాటిని నడిపే చిన్న సర్క్యూటూ ఉంటాయి. ఆ సర్క్యూటుకి పూర్తి వోల్టేజి అందాలి, గోడ మీది రెగ్యులేటరు దాన్ని కోసేస్తుంది. అందుకే మేస్త్రి రెగ్యులేటరుని లైన్లోంచి తప్పించి స్విచ్చి నుంచి నేరుగా కలిపాడు. ఆకుపచ్చ ఎర్తు వైరు మోటారు బాడీకి. పైకప్పు జరిపి స్క్రూ బిగించాడు.

అప్పుడు రెక్కలు. మూడూ బరువు సరిచూసి ఒకే పెట్టెలో పెట్టినవి, వేరే ఫ్యాను రెక్కలతో కలపకూడదు. అన్నీ బిగించాక చీపురుపుల్ల ఒకటి విరిచి, స్లాబు నుంచి ఒక రెక్క చివరి దాకా కొలత పట్టాడు. ఫ్యానుని చేత్తో తిప్పుతూ మిగతా రెండింటినీ అదే చోట ఆ పుల్లతోనే చూశాడు. ఒకటి కాస్త కిందికి ఉంది. దాని స్క్రూలు వదులు చేసి సర్ది మళ్లీ బిగించాడు. ఊగులాటకి మందు అక్కడే ఉంది.

మెయిన్ ఎత్తి, ఇన్వర్టరు వేసి వస్తారు మీరు. స్విచ్చి వేయగానే ఫ్యాను నెమ్మదిగా కదిలి, పుంజుకుని, 48 అంగుళాల చక్రమై కనబడుతుంది. గది వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదు, ఆరుతున్నది మీ ఒంటి మీది చెమట. ఆ చల్లదనానికే అమ్మ లోపలికొచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. మేస్త్రి చూపు మాత్రం రాడ్డు మీదే. పూర్తి వేగంలోనూ అది నిలువుగా నిలిచింది.

"పాతది పారేయకండమ్మా," అన్నాడు సంచి సర్దుకుంటూ. "కండెన్సరు నీరసించి మెల్లగా తిరుగుతోంది, అంతే. మార్చి వంటింట్లో వేద్దాం. బాబూ, 2.5 కండెన్సరు ఒకటి రాసుకోండి. కొత్త స్ప్లిట్ పిన్నులు రెండు. తీసినవి ఒకసారి వంగాయి కదా, మళ్లీ పనికిరావు."