చందువా వెతికితే చదువు దొరికింది

2008 నాటి మాట. మా మావయ్యకి విశాఖ ఫిషింగ్ హార్బర్ లో ఒక మరబోటు ఉండేది. ఆయన లెక్కల పుస్తకంలో డీజిలు, ఐసు, చేపల అమ్మకాలతో పాటు ఇంటి ఖర్చులు కూడా కలిసే ఉండేవి. అదంతా నేను తెలుగులో టైపు చేసి, లూసీన్ తో వెతికే పేజీ ఒకటి తయారుచేసి, జెట్టీ మీదే లాప్‌టాప్ తెరిచి చూపించా. "చందువా ఎంతకి పోయిందో చూడు" అన్నాడు. కొట్టాను. చేపతో పాటు "పిల్లల చదువు" అని రాసిన ఖర్చులన్నీ వచ్చి పడ్డాయి.

"చేపనడిగితే బడికెళ్ళమంటాదేట్రా నీ కంప్యూటరు?" అని ఒకటే నవ్వు.

ఇంటికొచ్చి ఇండెక్సులోని మాటల జాబితాని ఒక ఫైల్లోకి దించి, పెర్ల్ తో పోల్చి చూశా. పెర్ల్ విడగొట్టిన "చందువా" ఆ జాబితాలో లేనే లేదు. ఉన్నవి చ, ద, వ!

ఎందుకిలా అంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1988 నాటి ఇస్కీ ప్రమాణంలో హల్లుకో సంఖ్య, గుణింతపు గుర్తుకో సంఖ్య. 1991 లో వచ్చిన యూనికోడ్ ఆ అమరికనే తీసుకుంది. దాని లెక్కలో "చ" అక్షరం. సున్నా, కొమ్ము, దీర్ఘం ఉత్త "మార్కులు". 1999 లో డగ్ కటింగ్ జావాలో లూసీన్ రాశాడు. అందులోని సింపుల్ ఎనలైజర్ ఒక్కో గుర్తు గురించీ "ఇది అక్షరమేనా?" అని జావాని అడుగుతుంది. మార్కు అక్షరం కాదంటుంది జావా. అక్కడే మాట తెగుతుంది. చందువాలో మిగిలేవి చ, ద, వ. చదువులో చ, ద ల మధ్య మార్కు లేదు కాబట్టి మిగిలేవి చద, వ. నా పేజీ ఆ ముక్కల్లో ఏ ఒక్కటి దొరికినా చూపించేది కాబట్టి, రెండింట్లోనూ ఉన్న "వ" వల్ల చేపతో పాటు చదువూ వచ్చిందన్నమాట.

భాషకో కత్తి. పెర్ల్ లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మార్కుల్ని కూడా మాటలో కలుపుకుంటుంది. పైథాన్ లో అదే గుర్తు మార్కు దగ్గర తెంపేస్తుంది. జావాస్క్రిప్టులో దానికి తెలుగు కనబడనే కనబడదు. లూసీన్ ని కూడా సీ ప్లస్ ప్లస్ లో సీలూసీన్ గా, రూబీలో ఫెర్రెట్ గా తిరగరాశారు. ఇండెక్సు ఒక కత్తితో, ప్రశ్న ఇంకో కత్తితో కోస్తే ఏమీ దొరకదు, తప్పు వెంటనే తెలిసిపోతుంది. రెండూ ఒకే కత్తితో తప్పుగా కోస్తే మాత్రం చాలాసార్లు సరయిన జవాబే వస్తుంది. అసలు ప్రమాదం ఇదే.

2011 మార్చిలో వచ్చిన లూసీన్ 3.1 లో స్టాండర్డ్ టోకెనైజర్ యూనికోడ్ 29వ అనుబంధంలోని పదవిభజన నియమాలు పాటించడం మొదలుపెట్టింది. చందువా ముక్కలవడం ఆగింది. లూసీన్ 9 వరసలో తెలుగు ఎనలైజరే వచ్చింది. సింపుల్ ఎనలైజర్ మాత్రం ఇవాళ్టికీ అలాగే కోస్తోంది.

మరి 2008 లో నేనేం చేశాననుకున్నారు? ఈ తప్పు గురించి ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు. లెక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేసి "ఇప్పుడు చూడు మావయ్యా, పనిచేస్తోంది" అన్నా. ఆయన తెర వంక కాసేపు చూసి, "నాకు తెలుగు తప్ప రాదు కదరా" అన్నాడు. పుస్తకం చంకలో పెట్టుకుని బోటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మీ ప్రాజెక్టులో సెర్చ్ ఉంటే ఒకసారి చందువా కొట్టి చూడండి. చదువు వస్తే నాలాగ ఊరుకోకండి.