గండి పడక పూర్వము

బాన్సువాడకు చేరువనున్న నస్రుల్లాబాదు రైతులకు గండి యన నేమో యెవరును బోధింప నక్కరలేదు. 1923 మొదలు 1931 వరకు మంజీరా నదిపై కట్టబడిన నిజాంసాగరపు కాలువ నీటితో ఆ ప్రాంతము పండుచున్నది. కట్టలో చిన్న యూట కానవచ్చినపుడే మట్టివేసి త్రొక్కినచో కాలువ నిలుచును. తెల్లవారిన పిదప చూతమని యుపేక్షించినచో నీటితోపాటు పైరును పోవును. సూర్యుని శక్తిని భూమిపై సాధింపగోరు శాస్త్రజ్ఞులకును ఇట్టి గండియే యడ్డుపడినది. దానిని వారు ముందుగా గుర్తింప నేర్చిన చరిత్రను మన పాఠకులకు విన్నవింప దలచితిమి.

తేలికయైన పరమాణు కేంద్రకములు ఒకటితో నొకటి కలియుటచే సూర్యుడు వెలుగుచున్నాడు. భూమిపై అట్లు కలియవలెనన్న కోట్లకొలది డిగ్రీల వేడిమి కావలెను. ఆ వేడిమిలో వాయువు విద్యుత్కణములుగా విడిపోయి ప్లాస్మా యగును. దానిని ఏ పాత్రయు భరింపజాలదు. కావున 1950 ప్రాంతమున సోవియట్ దేశపు సఖరోవ్, తామ్ అను పండితులు దానిని కంకణాకారమగు గదిలో, గోడలకు తాకకుండ, అయస్కాంత బలముతో బంధించు నుపాయము నూహించిరి. అదియే టోకమాక్.

1963లో మాస్కోయందు గోర్బునోవ్, రజుమోవా యను నిరువురు ఆ యంత్రములలోని యొక విపరీతమును ప్రకటించిరి. నిలుకడగా నున్న ప్లాస్మా అకస్మాత్తుగా చెదరుచుండెను. ఆ క్షణముననే వోల్టేజి సున్నకు దిగువకు పడుచుండెను. వీరిలో రజుమోవా స్త్రీ. ఆడుబిడ్డకు గణితమేల యని ప్రశ్నించు పెద్దలకు ఈ పేరు వినిపింపదగినది. 1971లో మిర్నోవ్, సెమెనోవ్ అనువారు యంత్రము చుట్టును చిన్న తీగచుట్టల నమర్చి, గండికి పూర్వము అయస్కాంత బలములో నొక కంపనము పెరుగుచుండుటను వెల్లడించిరి. నేటికిని ఆ తీగచుట్టలు మిర్నోవ్ పేరనే పిలువబడుచున్నవి.

దీని కారణ మిట్టిది. ప్లాస్మాలో అయస్కాంత రేఖలు ఉల్లిపొరలవలె నొకదానిపై నొకటి యమరియుండును. పొరలు చినిగి అందందు దీవులవంటి సుడులేర్పడును. అవి పెరిగి ఒండొంటిని కలిసికొన్నచో లోపలి వేడిమి సెకనులో వేయవ భాగములు కొన్నిటిలోనే గోడలపై బడును. చిన్న యంత్రమునకు దీనివలన కలుగు హాని స్వల్పము. కాని ఫ్రాన్సులో నిర్మింపబడుచున్న ఈటర్ యంత్రము 1 కోటి 50 లక్షల ఆంపియర్ల ప్రవాహమునకై యేర్పరుపబడినది. అందు గండిని ముందుగా గుర్తింపనిచో యంత్రమునకే ముప్పు.

ఇంగ్లండులో 1983 మొదలు 2023 వరకు పనిచేసిన జెట్ యంత్రపు శాస్త్రజ్ఞులు, పది సంవత్సరముల గండులకు కారణములను విచారించి 2011లో ప్రకటించిరి. ప్లాస్మాలోని దోషములేగాక, నడపువారి పొరపాట్లు సైతము అందు దాచక చెప్పబడినవి. 2019లో అమెరికా పండితులు జెట్ యొక్కయు, తమ దేశపు యంత్రము యొక్కయు పూర్వపు లెక్కలతో కంప్యూటరునకు గండిని ముందే పసిగట్టుట నేర్పిరి. వైఫల్యములు వ్రాయబడియుండకున్నచో ఆ కంప్యూటరునకు గురువే లేకపోయెడివాడు.

మన దేశమున గాంధీనగరము చెంత ఆదిత్య యను టోకమాక్ 1989లో పని నారంభించినది. అచ్చటివారు హైడ్రోజను వాయువు నూది బుద్ధిపూర్వకముగా గండిని రప్పించి, ప్లాస్మా యంచున నుంచిన కడ్డీకి తగిన సమయమున వోల్టేజి నిచ్చి దానిని నివారించిరి. ఈ ఫలితము 2014లో ప్రకటింపబడినది.

మన పాఠశాలలలో ప్రయోగము తప్పినచో, ప్రక్కవారి పుస్తకములోని సరియైన సంఖ్యను ఎక్కించుకొను నలవాటు కలదు. మార్కులకై ఇంటివారును దానిని మన్నింతురు. ఇట్లు పెరిగిన బిడ్డ రేపు ఊటను చూచియు నోరు మెదపడు. తప్పిన ప్రయోగమును తప్పినట్లే వ్రాసి తెచ్చిన బాలికను, బాలుని తలిదండ్రులు మెచ్చుకొని, ఎందుకు తప్పెనో వారితో కూర్చుండి విచారింపవలెనని మా మనవి.